కష్టంలో దేవుణ్ణి గుర్తుచేసుకోవడం ఎలా: ఒక నోటుపుస్తకం, కొన్ని కీర్తనలు, రోజుకో పావుగంట

కష్టం వచ్చినప్పుడు బైబిల్ తెరవమని అందరూ చెబుతారు. తెరిచాక ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. మా ఆయన కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువులో వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుతో పోయాయి. మేత కొట్లో బాకీ, బ్యాంకులో నా బంగారం. ఆ టెన్షన్‌లోనే ఆయనకు పక్షవాతం వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో ఐసీయూ బయట ఇనప కుర్చీలో పదకొండు రాత్రులు కూర్చున్నాను. సంచిలో బైబిల్ ఉంది. మొదటి నాలుగు రాత్రులు దాన్ని తల కింద పెట్టుకున్నానే గానీ తెరవలేదు. అయిదో రాత్రి తెరిస్తే ఎక్కడ చదవాలో తోచలేదు. ఏళ్ల తరబడి సండే స్కూల్ చెప్పినదాన్ని, కళ్లు మూసుకుని వేలు పెట్టి తీశాను. దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో పేర్ల పట్టిక వచ్చింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను. ఆ ఏడుపులోనూ నవ్వొచ్చింది.

తర్వాత నిదానంగా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు సింగరాయకొండ దగ్గర మా ఊళ్లో, గురువారం స్త్రీల కూడికలో ఈ పద్ధతినే కలిసి చేస్తున్నాం. అందులో పొగాకు రైతుల ఇళ్లవాళ్లున్నారు, భర్తలు హైదరాబాద్‌కు పనికి పోయి ఇక్కడ పిల్లల్తో ఒంటరిగా ఉన్నవాళ్లున్నారు, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఉంది. ఎవరి కష్టమూ ఇంకొకరి కష్టంలా లేదు గానీ, చేసే పని మాత్రం అందరికీ ఒకటే.

ముందుగా "గుర్తుచేసుకోవడం" అనే మాట గురించి. మనం దాన్ని మనసులో కలిగే భావం అనుకుంటాం. భావం రాకపోతే భక్తి తగ్గిపోయిందని కుమిలిపోతాం. కానీ మన వాడుక భాషే వేరేగా చెబుతుంది. ఎవరైనా పెద్దమనిషి దగ్గరికి వెళ్లి "మమ్మల్ని గుర్తుపెట్టుకోండి సార్" అంటే, మా ముఖాలు జ్ఞాపకం ఉంచుకోండి అని కాదు గదా. మాకేదైనా చేయండి అని. బైబిల్లోనూ అంతే. దేవుడు నోవహును జ్ఞాపకము చేసికొనెను అన్న వెంటనే గాలి వీచి నీళ్లు తగ్గడం మొదలైంది. హన్నాను జ్ఞాపకం చేసుకున్నాడు, ఆమె గర్భవతి అయింది. సిలువ మీద దొంగ అడిగింది కూడా ఆ మాటే: నన్ను జ్ఞాపకము చేసికొనుము. జ్ఞాపకం అంటే పని. మన వైపు నుంచి కూడా అది చేతులతో, నోటితో, కలంతో చేసే పనే. మనసు సహకరించని రోజున కూడా చేయొచ్చు. ఈ పద్ధతంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ముందు అన్నం, నిద్ర

ఇది వాక్యం చదవడానికి ముందు మెట్టు. నవ్వకండి. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దానికి దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రశ్న అడిగింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాక.

కాబట్టి రెండు రోజులుగా తినకుండా, నిద్ర లేకుండా ఉన్న మనిషి బైబిల్ తెరిచి "ఏమీ ఎక్కడం లేదు" అంటే అది అవిశ్వాసం కాదు, నీరసం. ముందు సంగటి ముద్దో, పెరుగన్నమో తినండి. ఆసుపత్రిలో ఉంటే ఎవరినైనా గంటసేపు కాపలా ఉంచి కాళ్లు చాపుకుని పడుకోండి. ఉపవాస ప్రార్థన మంచిదే, మా సంఘంలోనూ చేస్తాం. అయితే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, బాలింతలు, రాత్రంతా రోగి పక్కన జాగారం చేసేవాళ్లు ఆ మొక్కు ఇప్పుడు పెట్టుకోవద్దు.

పావుగంట, ఒకే చోటు

ఎక్కువ చదవాలని పెట్టుకుంటే మూడో రోజే ఆగిపోతుంది. రోజుకు పావుగంట చాలు. చోటు మార్చకండి. మా కూడికలో ఒకామె తెల్లారుజామున పాలు పితికి వచ్చి పశువుల కొట్టం గట్టు మీదే కూర్చుని చదువుతుంది. ఇంట్లో అత్త, పిల్లలు, టీవీ. కొట్టంలో గేదె ఒక్కటే, అది ఏమీ అడగదు అంటుంది. నాకైతే బస్సు. ఒంగోలు వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు దొరికితే అదే నా గది.

అక్షరాలు ఆనని పెద్దవాళ్లు, చదువురానివాళ్లు ఫోన్లో ఆడియో బైబిల్ వినొచ్చు. లేదా మనవరాలితో చదివించుకోవచ్చు. గట్టిగా చదవడం మంచిది. కష్టంలో ఉన్నవాళ్లు కళ్లతో చదివితే రెండు వాక్యాలయ్యేసరికి మనసు అప్పులవాళ్ల దగ్గరికి పోతుంది. నోరు కదులుతుంటే మనసు కొంచెం వెంట వస్తుంది.

మొదట ఫిర్యాదు చేయండి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. కష్టంలో ఉన్నవాళ్లకు నేరుగా స్తుతి కీర్తనలు, వాగ్దానాలు ఇస్తాం. వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ, దాని మీద ఒక వచనం. ఐసీయూ బయట నాకు రోజుకు ఇరవై వచ్చేవి. పంపినవాళ్ల ప్రేమ నిజమే గానీ, నా కడుపులో ఉన్న మాట ఒక్కటీ వాటిలో లేదు.

నా మాట 13వ కీర్తనలో దొరికింది. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" ఆరే వచనాలు. మొదటి రెండింటిలోనే "ఎంతవరకు, ఎంతవరకు" అని దావీదు నాలుగుసార్లు నిలదీస్తాడు. కీర్తనలు 150 ఉంటే అందులో ఇలాంటి మొరలు చాలా ఉన్నాయి. మనం ఆదివారం పాడేవి వాటిలో ఎన్ని? నిట్టూర్పుతో మొదలై వెలుగుతో ముగిసేవి ఎక్కువే. 88వ కీర్తన మాత్రం చీకటిలో మొదలై చీకటి అనే మాటతోనే అయిపోతుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు. అంత దిగులు కూడా ప్రార్థన లెక్కలోకే వస్తుందని తెలిశాక, నాకు సగం బరువు తగ్గింది.

దేవుణ్ణి అలా అడగొచ్చా అని మా కూడికలో మొదట భయపడ్డారు. అప్పుడు ఒక పెద్దామె, ఆమె పుట్టిల్లు హిందువుల ఇల్లు, "మా తాత పాడే గజేంద్రుడి మొరలో ఏనుగు కూడా ముందు ఉన్నాడో లేడో అనే అడిగిందమ్మా, ఆ తర్వాతే గదా రమ్మంది" అంది. తెలుగు నేల మీద పెరిగినవాళ్లకు మొర అంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు. మరిచిపోయాం, అంతే.

చేయాల్సింది ఇదీ. మొదటి వారం రోజూ ఒక మొర కీర్తన చదవండి. 13, 42, 43, 77, 88, 130, 142. చిన్నవే ఎక్కువ, పొడుగ్గా ఉన్న 77, 88 కూడా పావుగంటలో అయిపోతాయి. చదివాక, మీ మాటల్లో ఒక్క ఫిర్యాదు రాయండి. మర్యాద భాష అక్కర్లేదు. నా నోటుపుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: "బంగారం పోయింది సరే. ఈయన మాట కూడా తీసేశావు. ఇంకేం కావాలి నీకు?" ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. అయినా చింపలేదు.

ఏం గుర్తుచేసుకోవాలి, ఏం వద్దు

ఈ భాగం నిదానంగా చదవండి. నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

గుర్తుచేసుకుంటే ఓదార్పు వస్తుందని అనుకుంటాం. 77వ కీర్తన రాసిన ఆసాపు మూడో వచనంలోనే ఒప్పుకుంటాడు: దేవుణ్ణి తలుచుకుంటే నాకు నిట్టూర్పే వస్తోంది, ధ్యానిస్తే ప్రాణం ఇంకా కుంగిపోతోంది అని. ఎందుకలా? 42వ కీర్తనలో జవాబు ఉంది. పండగ చేసుకుంటున్న జనంతో కలిసి దేవుని మందిరానికి నడిచి వెళ్లిన సంగతి ఆ కీర్తన రాసినవాడు గుర్తుచేసుకుంటాడు, గుండె కరిగి నీరైపోతుంది. అది సుఖపు రోజుల జ్ఞాపకం. మనకూ అంతే. క్రిస్మస్‌కు కొత్త బట్టలు, చెరువు నిండా మేసిన రొయ్య, ఆయన గొంతెత్తి పాడిన పాట. అవన్నీ దేవుడిచ్చినవే గానీ, వాటిని తలుచుకుంటే ఇప్పుడు లేవన్నదే గుచ్చుకుంటుంది. సుఖపు రోజులను గుర్తుచేసుకోవడం వేరు, గండం గడిచిన రోజులను గుర్తుచేసుకోవడం వేరు.

ఆసాపు పదకొండో వచనం దగ్గర మలుపు తిరుగుతాడు. "యెహోవా చేసిన కార్యములను" మనసుకు తెచ్చుకుంటానంటాడు. అప్పుడు ఆయన పట్టుకున్నది ఏ పండగనో కాదు, ఎర్ర సముద్రాన్ని. ముందు నీళ్లు, వెనక ఐగుప్తు రాజు ఫరో రథాలు, ఇశ్రాయేలు జనానికి అటూ ఇటూ దారి లేని రోజు. దాని గురించి చెబుతూ చివర్లో అంటాడు: నీ మార్గం సముద్రంలో ఉంది, నీ అడుగుజాడలు మాత్రం గుర్తింపబడక యుండెను. జనం దాటారు, దాటించినవాడి అడుగు ఎవరికీ కనపడలేదు. దాటుతున్నప్పుడు వాళ్లకూ మనలాగే ఏమీ తెలీదన్నమాట.

ఈ తేడా పట్టుకుంటే పని సులువవుతుంది. కూర్చుని మీ జీవితంలో "ఇక అయిపోయింది" అనుకున్న రోజులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన పొద్దున మీరు ఎక్కడున్నారు? 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు? కాన్పు కష్టమైన రాత్రి, పిల్లాడికి జ్వరం దిగని వారం, వేలంలో పొగాకు బేళ్లు కొనేవాడు లేక వెనక్కి తెచ్చుకున్న ఏడాది. ఆ రోజు మీరు ఎలా గట్టెక్కారు? ఎవరు వచ్చారు, ఏం తెచ్చారు? పేరు, తేదీ, వస్తువు రాయండి. "దేవుడు కాపాడాడు" అని రాస్తే చాలదు. "పక్కింటి సుబ్బమ్మక్క నడుముల్లోతు నీళ్లలో క్యారేజీ పట్టుకుని వచ్చింది, అందులో చింతపండు చారు" అని రాయండి. రేపు గుండె ఆడని రోజున మీకు ఆసరా ఇచ్చేది ఆ చారే.

నోటుపుస్తకం పెట్టే తీరు

వంద పేజీల మామూలు నోటుపుస్తకం చాలు. ఎడమ పేజీలో ఫిర్యాదు లేదా మనవి, తేదీతో. కుడి పేజీ ఖాళీగా వదలండి. ఏదైనా జరిగిన రోజున, మీరు అడిగినట్టు జరిగినా జరగకపోయినా, ఆ కుడి పేజీలో రాయండి. వెనక వైపు నుంచి మొదలుపెట్టి గండం గడిచిన రోజుల జాబితా రాసుకుంటూ రండి. రెండూ మధ్యలో ఎక్కడో కలుస్తాయి.

యెహోషువ నాలుగో అధ్యాయంలో యొర్దాను దాటాక నదిలోంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి నిలబెట్టింది కూడా ఇందుకే. రేపు పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడుగుతారు, అప్పుడు చెప్పండి అన్నాడు యెహోషువ. మా చీమకుర్తి గ్రానైట్ ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది, నున్నగా అద్దంలా. యెహోషువ రాళ్లు మాత్రం ఏటిలోంచి తీసినవి తీసినట్టే. మీ నోటుపుస్తకం కూడా నున్నగా ఉండక్కర్లేదు.

పిల్లల్ని దాచకుండా చదవనివ్వండి. అప్పు సంగతి వాళ్లకు తెలీదని మనమే అనుకుంటాం.

మీ దగ్గర జ్ఞాపకం లేకపోతే అప్పు తెచ్చుకోండి

కొందరంటారు, మాకు అలాంటి రోజే లేదు, ఎప్పుడూ మునగడమే అని. వాళ్లతో వాదించకూడదు. ఊరి జ్ఞాపకాన్ని వాళ్ల చేతిలో పెట్టాలి. ఆసాపు కూడా ఎర్ర సముద్రం దాటినవాడు కాదు, ముత్తాతల సంగతిని తనదిగా చేసుకున్నవాడే.

మన నెల్లూరు, ఒంగోలు వైపు దీనికి పెద్ద ఆస్తి ఉంది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ మొదలుపెట్టారు. పదేళ్లు దాటినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. అమెరికాలో ఉన్న పెద్దలు ఈ పని మూసేద్దామా అని ఒకటికి రెండుసార్లు చర్చించారు. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఆ మిషన్ దొర లైమన్ జూవెట్, ఆయన భార్య, వాళ్లతో తెలుగువాళ్లు ముగ్గురు, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల ఆయన, జూలియా, రూతు, మొత్తం అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. ఆ ఏడు ఎవరూ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చి కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు.

తెలుగు బైబిల్లో ఆశకు వాడే మాట నిరీక్షణ. మామూలు తెలుగులో ఆ మాటకు ఎదురుచూడటం అని అర్థం. అనువాదకులు ఏమనుకుని పెట్టారో గానీ, ఆ కొండ కింద పుట్టినవాళ్లకు ఆ రెండర్థాలూ ఒకటే.

ఆ తర్వాత 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ధాత కరువని పెద్దలు చెప్పేది దాన్నే. అప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు తట్టా పారా ఇచ్చి కూలి ఇచ్చారు. పని మధ్య విశ్రాంతిలో బోధకులు వాళ్ల పక్కన కూర్చుని చెప్పిన వాక్యం "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి". తట్ట నెత్తిన పెట్టుకుని మట్టి మోసిన మనిషికి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి. ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. కరువు ఉన్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు, కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక కూడా జనం అడుగుతూనే ఉంటే, 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మాదిగవాడల వాళ్లు. మా ముత్తవ్వ అత్తింటివాళ్లు ఆ రోజు ఏటిలో దిగినవాళ్లేనని ఇంట్లో చెప్పుకుంటారు.

ఈ కథ చెప్పి "చూశారా, మీకూ వస్తుంది" అనకండి. పన్నెండేళ్లు అన్న అంకె దగ్గర ఆపండి. అందులోనే కావాల్సింది ఉంది. వీలైతే ఒకసారి పొద్దున్నే ఆ కొండ ఎక్కి 121వ కీర్తన చదవండి: కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను. ఎనిమిది వచనాలే, రొప్పు తగ్గేలోపు అయిపోతుంది.

వాగ్దానాన్ని ఊరి నుంచి పెకలించకండి

జనవరి 1న సంఘంలో వాగ్దాన కార్డులు తీస్తాం గదా. నాకు ఆ కార్డుల మీద కోపం లేదు, ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఒకటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఒక్క వచనాన్ని దాని ముందూ వెనకా ఉన్న మాటల్లోంచి తెంపి తెచ్చుకుని, అది అనుకున్న తేదీకి జరగకపోతే దేవుడు మాట తప్పాడని కూలిపోతాం.

బాగా వాడే వచనమే తీసుకోండి, యిర్మీయా 29:11. మీ గురించిన నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని ఉంటుంది. పెళ్లి కార్డుల మీదా, షాపు ప్రారంభాల్లోనూ కనిపిస్తుంది. దాని ముందు వచనం చదవండి. బబులోనులో డెబ్బై ఏళ్లు అయ్యాక అని ఉంటుంది. అది బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దాన్ని అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ రోజును చూసి ఉండరు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలోనే అంతా సర్దుకుంటుందని చెప్పాడు. జనానికి ఆయన మాట తియ్యగా ఉండి ఉంటుంది. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్నం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాశాడు.

అంటే ఆ వాగ్దానం "త్వరలో అయిపోతుంది" అని కాదు, "ఇక్కడే బతకండి, నేను మరిచిపోలేదు" అని. చెరువు అప్పు తీరడానికి ఆరేళ్లు పడుతుందని బ్యాంకువాళ్లు చెప్పిన రోజున నాకు పనికొచ్చింది ఈ రెండోదే. ఆ వారమే పెరట్లో మునగ కొమ్మ పాతాను.

కాబట్టి నియమం పెట్టుకోండి. ఏ వచనం మిమ్మల్ని తాకినా, దాన్ని పట్టుకునే ముందు ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదవండి. ఎవరు ఎవరితో ఏ కష్టంలో అన్నారో నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోండి. విలాపవాక్యములు మూడో అధ్యాయం మంచి ఉదాహరణ. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అని అందరికీ తెలుసు. ఆ మాటకు ముందు ఇరవై వచనాలు చేదే. పళ్లు రాళ్లతో విరిగిన సంగతి, నా ఆశ పోయింది అన్న మాట కూడా. ఆ చేదంతా కక్కిన తర్వాతే "నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది" అన్న 21వ వచనం వస్తుంది. ఆ అధ్యాయం 66 వచనాలు హెబ్రీ అక్షరమాల వరసలో, ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున రాసినవి. తన ఊరు యెరూషలేము కాలిపోయి కూర్చున్న మనిషి అక్షరాల వరస పట్టుకున్నాడంటే, మనసు చెదిరిపోకుండా పట్టుకోవడానికి ఒక గట్టు కావాలి గదా అనిపిస్తుంది నాకు. మన శతకాల మకుటంలాగా.

రోజంతా వెంట ఉండే ఒక్క మాట

చదివిన దాంట్లోంచి ఒక్క వాక్యం, ఊపిరి తిప్పుకునేలోపు అనగలిగేంత చిన్నది, ఎంచుకోండి. "యెహోవా నా కాపరి." "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను." నాకు 42వ కీర్తనలోది: "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అప్పులవాడి ఫోన్ మోగినప్పుడు, ఎత్తే ముందు ఒకసారి అంటాను. ఈ వాక్యం 42లో రెండుసార్లు, 43లో ఇంకోసారి వస్తుంది. ఒక్కసారి చెప్పుకుంటే సరిపోదని రాసినవాడికీ తెలుసు.

మీ హబక్కూకు రాయండి

రెండో నెలలో చేసే పని ఇది, ముందే వద్దు. హబక్కూకు మూడు అధ్యాయాల చిన్న పుస్తకం. దాని చివర్లో, అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, ఒలీవచెట్లు కాపు లేకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, నేను యెహోవాయందు ఆనందించెదను అంటాడు. అంజూరం, ఒలీవ మన ఊళ్లో లేవు. అందుకని మా కూడికలో ఎవరి వరస వాళ్లు రాశారు. పొగాకుకు రేటు పలకకపోయినా. కనిగిరి బోర్లలో ఫ్లోరైడ్ నీళ్లే వచ్చినా. మెట్ట మీద కంది ఎండిపోయినా. చెరువులో రొయ్య నిలవకపోయినా.

ఆ "పోయినా" తర్వాత ఏం రాయాలో తోచక ఒకామె అక్కడ ఆపేసింది. వదిలేయమన్నాను. ఆ పేజీ అలాగే ఉంది. బలవంతంగా ఆనందం రాయించడం అబద్ధం చెప్పించడమే.

తోడుండేవాళ్లకు

ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయిన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని, మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చోవడం. నోరు తెరిచాకే చెడింది. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు "ఏదో పాపం అడ్డుగా ఉందేమో, చూసుకోమ్మా" అనకండి. నన్ను అన్నారు ఒకరు, ఆసుపత్రి మెట్ల మీద. ఆ మాట మరిచిపోవడానికి పట్టినంత కాలం అప్పుకు కూడా పట్టదేమో. వాక్యం చెప్పాలనిపిస్తే, ముందు అడిగి, ఒక్క కీర్తన చదివి, ఇడ్లీ పొట్లం అక్కడ పెట్టి రండి.

రెండు జాగ్రత్తలు. దేవుణ్ణి నమ్ముతున్నావు గదా, మాత్రలు ఆపెయ్ అనేవాళ్ల మాట వినకండి. మా ఆయన బీపీ మాత్రా వేసుకుంటారు, కీర్తనా పాడతారు, రెండూ పొద్దున్నే. ఇంత కానుక ఇస్తే ఇన్ని రోజుల్లో అప్పు తీరుతుందని లెక్క చెప్పేవాళ్లకు దూరంగా ఉండండి. వడ్డీకి తెచ్చి కానుక వేయమని లేఖనంలో ఎక్కడా లేదు.

ఏదీ పనిచేయని రోజు

అలాంటి రోజులు వస్తాయి. నోటుపుస్తకం ముట్టుకోబుద్ధి కాదు, ప్రార్థన గొంతు దిగదు. ఆ రోజు మీ బదులు ఇంకొకరు చదవాలి. ముందే ఒక మనిషిని అడిగి పెట్టుకోండి: "నేను ఫోన్ చేసి ఏమీ మాట్లాడకపోతే, నువ్వు 23వ కీర్తన చదివి పెట్టెయ్" అని. మా వదినకు నేను అలా మూడుసార్లు చేశాను. ఆమె చదివి, "ఉంటా వదినా" అని పెట్టేసేది.

చచ్చిపోదామన్న ఆలోచన తిరుగుతుంటే మాత్రం అది ఒంటరిగా కీర్తనతో తేల్చుకునే సంగతి కాదు. ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. 14416 టెలిమానస్ నంబరు, ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. చెరువుల దగ్గర, పొగాకు పొలాల్లో పురుగుమందు డబ్బాలు ఇంట్లోనే ఉంటాయి. కష్టంలో ఉన్న మనిషి ఇంట్లోంచి వాటిని తీసి పక్కింట్లో పెట్టించండి. ఏలీయాకు రొట్టె తెచ్చిన దూత పని ఇలాంటిదే.

ఏడాదికోసారి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లేముందు మేం నోటుపుస్తకం మొదటి నుంచి చదువుతాం. ఆయన కుడి చేయి ఇంకా పూర్తిగా తిరగదు గనుక పేజీలు నేనే తిప్పుతాను. "మాట కూడా తీసేశావు" అని రాసిన పేజీకి కుడివైపు, ఎనిమిది నెలల తర్వాతి తేదీతో, ఆయన ఎడమచేత్తో వంకరటింకరగా రాసింది ఉంది: "ఈరోజు టీలో చక్కెర తక్కువైందని అరిచాను." బంగారం గురించి రాసిన పేజీ కుడివైపు ఖాళీ. చెరువు బాకీ పేజీకి కూడా. వాటి మీద ఏటేటా ఆ ఏడాది అంకె మాత్రం వేసి, తర్వాతి పేజీకి వెళతాం.